వగరు తగ్గేదాకా పండు మిగలాలి

వైన్ పాతబడేకొద్దీ బాగుపడుతుందన్న మాట ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని ప్రశ్నించాలన్న ఆలోచనే చాలామందికి రాదు. ఇటలీ వాయవ్యాన పీడ్‌మాంట్ ప్రాంతంలో, ఆల్బా పట్టణం చుట్టూ పరుచుకున్న లాంగే కొండల్లో మాత్రం ఆ నమ్మకం నిలవదు. అక్కడ ఒకే కుటుంబం డోల్చెట్టో, బార్బెరా, నెబ్బియోలో అనే మూడు రకాల ఎర్ర ద్రాక్షలను పక్కపక్కనే పండించడం మామూలు. డోల్చెట్టో ముందుగా పక్వానికి వస్తుంది. దాని వైన్ మరుసటి ఏడాదే దుకాణానికి చేరుతుంది. నెబ్బియోలో చాలావరకు అక్టోబర్ దాకా తీగ మీదే ఉంటుంది. దాని వైన్‌ను బరోలో అనే పేరుతో అమ్మాలంటే, కోత జరిగిన ఏడాది నవంబర్ 1 నుంచి లెక్కగట్టి 38 నెలలు ఆగాలి. అందులో 18 నెలలు చెక్క పీపాల్లో గడవాలి. చేసే చేతులు అవే, కొండ అదే, శ్రద్ధా అదే. వయసు ప్రతి వైన్‌కూ మేలు చేసేదే అయితే, ఆ రైతు డోల్చెట్టోను కూడా దాచి ఎక్కువ ధరకు అమ్ముకునేవాడు. అలా చేయడం లేదంటే కాలం అన్ని వైన్లతోనూ ఒకేలా ప్రవర్తించదని అర్థం. ఈ అధ్యాయం వాదన కూడా అదే. ఒక సీసాను ఇప్పుడే తాగాలా, దాచాలా అన్నది ఆ వైన్ ఎంత గొప్పదన్న దాన్ని బట్టి తేలదు. సీసాలో రెండు మార్పులు రెండు వేగాలతో సాగుతుంటాయి. వగరు తగ్గుతుంటుంది, పండు వాసన కూడా తగ్గుతుంటుంది. వగరు తగ్గేదాకా పండు మిగిలే వైన్‌నే దాచాలి. మిగతావన్నీ తాగేయడానికే.

ముందు వగరు సంగతి. ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ టానిన్లు అనే పదార్థాలు ఉంటాయి. కేటెచిన్, ఎపికేటెచిన్ వంటి చిన్న అణువులు గొలుసుల్లా కలిస్తే ఇవి ఏర్పడతాయి. తెల్ల వైన్‌కు సాధారణంగా రసాన్ని మాత్రమే పులియబెడతారు. ఎర్ర వైన్‌కైతే తొక్కా గింజా రసంలోనే నానుతాయి. అందుకే ఎర్ర వైన్‌లో టానిన్ ఎక్కువ. మన లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రొటీన్లున్నాయి. టానిన్ గొలుసులు వాటిని పట్టుకుని ముద్దకట్టిస్తాయి. జారుడు పోయి నాలుక, చిగుళ్లు బిగుసుకుపోతాయి. సరిగ్గా పండని నేరేడుపండు కొరికినప్పుడు నోటికి తెలిసేది ఇదే. అంటే వగరు రుచి కన్నా స్పర్శకు దగ్గర. మాంసంతోనో జున్నుతోనో తాగినప్పుడు టానిన్‌కు పట్టుకోవడానికి వేరే ప్రొటీన్లు దొరుకుతాయి కాబట్టి అదే వైన్ మెత్తగా అనిపిస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. టానిన్ ఎక్కువగా ఉండటమే గొప్పతనం కాదు. పండని తొక్కలు, నలిగిన గింజల నుంచి వచ్చిన మొరటు టానిన్ ఎన్నేళ్లు దాచినా పెద్దగా దారికి రాదు. మాగే అవకాశం ఉన్నది పండిన టానిన్‌కే.

కాలం ఈ టానిన్లను ఏం చేస్తుంది? ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1866లో ప్రచురించిన వైన్ అధ్యయనంలో దీనికి మొదటి గట్టి జవాబు దొరికింది. గాలి చొరబడకుండా నింపి మూసిన గాజు గొట్టాల్లో వైన్ పెద్దగా మారలేదు. గాలి ఉన్న గొట్టాల్లో రంగు మారి అడుగున మడ్డి చేరింది. వైన్‌ను ముసలిదాన్ని చేసేది ఆక్సిజన్ అని తేల్చి, అది మెల్లగా, కొద్దికొద్దిగా అందాలని కూడా పాశ్చర్ అన్నాడు. తర్వాతి పరిశోధన ఆ చిత్రంలో వివరాలు నింపింది. కార్క్ బిరడా గుండా ఏడాది పొడవునా లోపలికి చేరే ఆక్సిజన్ అతి స్వల్పం. అందులో కొంత ఆల్కహాల్‌ను ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఆ ఎసిటాల్డిహైడ్ రంగు అణువులకూ టానిన్లకూ మధ్య వంతెనలా నిలిచి వాటిని జతచేస్తుంది. ఇలా జతపడిన రంగు స్థిరంగా ఉంటుంది, వగరు కూడా తగ్గుతుంది. మరీ పెద్దవైన అణువులు కరిగి ఉండలేక మడ్డిగా దిగిపోతాయి. టానిన్లు పెద్దవై కింద పడిపోవడం ఒక్కటే వగరు తగ్గడానికి కారణమని ఒకప్పుడు అనుకునేవారు. వైన్‌లోని ఆమ్లం ఆ గొలుసులను తెంపుతుందని, తెగిన ముక్కలు వేరే అణువులతో కొత్తగా అతుక్కుంటాయని ఇప్పుడు తెలుసు. అంటే పాత వైన్‌లోని టానిన్ తగ్గిన టానిన్ మాత్రమే కాదు, స్వభావం మారిన టానిన్ కూడా.

ఇక రెండో మార్పు. కొత్త వైన్‌లో గుప్పుమనే తాజా పండ్ల వాసన చాలావరకు పులిసే దశలో ఈస్ట్ తయారుచేసిన ఎస్టర్లు అనే వాసన పదార్థాల నుంచి వస్తుంది. ఇవి అస్థిరమైనవి. వైన్ ఆమ్లంలో మెల్లగా విరిగిపోతూ, మొదటి ఒకటి రెండేళ్లలోనే బాగా తగ్గిపోతాయి. ఇది ఆగే పని కాదు. వేగాన్ని తగ్గించగలం, అంతే. మరి పాత వైన్‌కు సువాసన ఎక్కడిది? ద్రాక్షలోని కొన్ని వాసన అణువులు చక్కెర అణువులకు అతుక్కుని ఉంటాయి. ఆ స్థితిలో వాటికి వాసన ఉండదు. ఆమ్లం ఆ బంధాన్ని ఏళ్ల తరబడి కోస్తుంటే ఒక్కొక్కటిగా బయటపడతాయి. సీసాలో మెల్లగా పెరిగే డైమిథైల్ సల్ఫైడ్ వంటి పదార్థాలు ట్రఫుల్ అనే భూగర్భ పుట్టగొడుగును తలపించే వాసన ఇస్తాయి. అయితే ఈ నిల్వ ప్రతి వైన్‌లోనూ ఉండదు. తీగకు ఎక్కువ కాయ కాయించి, పలుచటి రసం తీసి చేసిన వైన్‌లో దాగిన వాసనలూ తక్కువే. దాన్ని దాస్తే ఎస్టర్లు పోతాయి, వాటి చోటుకు ఏమీ రాదు. మూడో కీలకం ఆమ్లం. పులుపు బాగా ఉన్న వైన్‌లో సూక్ష్మజీవులు సులువుగా పెరగవు, రంగు నిలుస్తుంది, వైన్‌ను కాపాడే సల్ఫర్ డయాక్సైడ్ మరింత సమర్థంగా పనిచేస్తుంది. కాబట్టి దాచదగిన వైన్‌కు పండిన టానిన్, గట్టి పులుపు, సాంద్రమైన రసం మూడూ ఉండాలి. ఒక్కటి తగ్గినా మిగతా రెండూ దాని లోటు తీర్చలేవు.

ఈ కొలమానంతో చూస్తే ఇటలీ ఎర్ర వైన్లలో ఎక్కువ భాగం తాగేయడానికే తయారయ్యాయని తేలుతుంది. డోల్చెట్టోలో కొంత వగరున్నా పులుపు తక్కువ. ఒకటి నుంచి మూడేళ్లలో దాని పని పూర్తవుతుంది. బార్బెరాది సరిగ్గా తలకిందుల పరిస్థితి. పులుపు నిండుగా ఉంటుంది, టానిన్ మాత్రం తక్కువ. అందుకే అది ఐదారేళ్లు చక్కగా నిలుస్తుంది కానీ, కొన్ని తోటల ప్రత్యేక వైన్లను మినహాయిస్తే, ఆ నిలవడం వల్ల పెద్దగా మారేదేమీ ఉండదు. చెడకుండా ఉండటం ఒకటి, మెరుగుపడటం మరొకటి. నిల్వ విషయంలో జరిగే పొరపాట్లలో సగం ఈ రెంటినీ కలిపేయడం వల్లే జరుగుతాయి. వెరోనా దగ్గరి మామూలు వాల్‌పోలిచెల్లా, ఎమిలియా ప్రాంతపు బుడగల లాంబ్రుస్కో, సిసిలీ నీరో దావోలాలోనూ పూలియా ప్రిమిటీవోలోనూ రోజువారీ ధరకు దొరికేవి, అబ్రుజ్జో మోంటెపుల్చానోలో చవక సీసాలు, ఇవన్నీ పండు వాసన కోసమే చేసినవి. కోత జరిగిన ఏడాదే మార్కెట్లోకి వచ్చే నొవెల్లో అయితే కొన్ని నెలల్లోనే తాగాలి. వీటిని దాచడం గౌరవించడం కాదు, వాటిలో ఉన్న ఒక్క మంచినీ పోగొట్టుకోవడం.

దాచదగిన వాటిలో నెబ్బియోలో ముందు నిలుస్తుంది. రంగు గాఢంగా ఉంటే వైన్ ఎక్కువ కాలం నిలుస్తుందన్న మరో నమ్మకాన్ని కూడా అది తప్పని రుజువు చేస్తుంది. బరోలో గ్లాసులో పలుచగా కనిపిస్తుంది, కొన్నేళ్లకే అంచున ఇటుక రంగు తిరుగుతుంది. చాలా ఎర్ర ద్రాక్షల్లో మాల్విడిన్ రకం రంగు ప్రధానం. నెబ్బియోలోలో త్వరగా ఆక్సీకరణ చెందే పియోనిడిన్, సయనిడిన్ రకాల వాటా ఎక్కువ. రంగు త్వరగా వాడినా టానిన్, పులుపు మాత్రం మొండిగా నిలబడతాయి. మంచి ఏడాది బరోలో పదేళ్ల దగ్గర విచ్చుకోవడం మొదలుపెట్టి, ఇరవై ఏళ్లు దాటినా సాగడానికి కారణం ఇదే. అదే జిల్లాలో కూడా తేడాలున్నాయి. తూర్పున సెర్రలుంగా గ్రామపు పాత, బిగువైన నేలల వైన్‌లో వగరు ఎక్కువ, నిరీక్షణా ఎక్కువ. పడమట లా మొర్రా వైన్లు సాధారణంగా ముందుగా మెత్తబడతాయి. పక్కనే ఉన్న బర్బరెస్కోకు చట్టం అడిగేది 26 నెలలే. అది కూడా బరోలో కన్నా కొంచెం ముందే సిద్ధమవుతుందని పేరు. లాంగే నెబ్బియోలో పేరుతో వచ్చేది అదే ద్రాక్ష. తొక్కలను తక్కువ రోజులు నానబెట్టి, త్వరగా తాగడానికి చేసిన రూపం అది. కాబట్టి ద్రాక్ష పేరు ఒక్కటే చాలదు. దాన్ని ఏ ఉద్దేశంతో చేశారో కూడా తెలియాలి.

టస్కనీలోని సాంజొవేజే ఇదే పాఠాన్ని మరింత స్పష్టంగా చెబుతుంది. మోంటల్చీనో కొండ మీద పూర్తిగా సాంజొవేజేతోనే రెండు వైన్లు చేస్తారు. రొస్సో దీ మోంటల్చీనో కోత తర్వాతి ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమ్మకానికి వస్తుంది. బ్రునెల్లో మాత్రం కోత తర్వాత ఐదో ఏడాది జనవరి 1న గానీ బయటికి రాకూడదు. ఏ తోట రసం ఏ దారిలో పోవాలో ఉత్పత్తిదారే రుచి చూసి తేలుస్తాడు. వాన ఎక్కువై పండు పలుచబడిన ఏడాదిలో బ్రునెల్లోకి ఉద్దేశించిన రసాన్ని కూడా రొస్సోగా దించేవాళ్లున్నారు. దక్షిణాన కంపానియా కొండల్లో ఆల్యానికో ద్రాక్షతో చేసే తౌరాజీ మరో గట్టి వైన్. పులుపూ వగరూ రెండూ ఎక్కువ. చట్టమే మూడేళ్లు ఆపుతుంది, ఆ తర్వాత కూడా ఎనిమిది పదేళ్లు ఇస్తేనే న్యాయం. ఉంబ్రియాలోని సగ్రాంతీనో ఇటలీ ద్రాక్షల్లో టానిన్ అత్యధికంగా ఉన్న వాటిలో ఒకటి. దాన్ని కొత్తగా తాగడం చాలామందికి కష్టమే. అమరోనే వేరే దారిలో ఇక్కడికే చేరుతుంది. వెరోనా కొండల్లో కొర్వీనా మొదలైన ద్రాక్షలను కోశాక నెలల తరబడి ఆరబెడతారు. నీరు పోయి మిగతాదంతా చిక్కబడుతుంది. ఆల్కహాల్ తరచూ 15 శాతం దాటుతుంది. ఆ సాంద్రతే దాన్ని ఏళ్ల తరబడి నిలుపుతుంది.

అయితే ఈ చట్టాల గడువులనే నమ్ముకుంటే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. 1963లో మొదలైన ఇటలీ మూలస్థాన నియమాలు, 1980లో బరోలో, బర్బరెస్కో, బ్రునెల్లోలకు వచ్చిన అత్యున్నత హోదా కొనేవారికి ఉపయోగపడే సూచనలే. చట్టం ఎక్కువ కాలం ఆపమన్న వైన్ సాధారణంగా ఎక్కువ కాలం నిలిచే వైన్. కానీ చట్టం చెప్పేది కనీసం మాత్రమే, అది రుచికి గ్యారంటీ కాదు. బ్రునెల్లో చెక్కలో ఉండాల్సిన కాలం మొదట్లో ఇప్పటికన్నా చాలా ఎక్కువ. తర్వాత దాన్ని తగ్గిస్తూ రెండేళ్లకు తెచ్చారు. బలహీనమైన ఏడాది వైన్‌ను అంతకాలం పీపాలో ఉంచితే వగరు తగ్గకముందే పండు ఎండిపోతుందన్నది ఆ పాత నియమం మీద ఉన్న ప్రధాన విమర్శ. సీసా మీది రిజెర్వా అనే మాట కూడా అదనపు నిల్వను తెలుపుతుందే తప్ప అదనపు ఆయుష్షును కాదు. టస్కనీదే అయిన క్యాంటీ క్లాసికోలో మామూలు వైన్‌కు 12 నెలలు, రిజెర్వాకు 24, గ్రాన్ సెలెత్సియోనేకు 30. సంఖ్య పెరిగినకొద్దీ సీసాలోని రసం కూడా అంత గట్టిదై ఉంటేనే ఆ తేడాకు అర్థం. అందుకే కోత సంవత్సరం చూడాలి. 2003, 2017 వంటి వేడి, పొడి సంవత్సరాల వైన్లు పులుపు తగ్గి, ముందే పక్వమైనట్టు ఉంటాయి. వాటిని త్వరగా తాగడం మేలు. 2016 వంటి సమతూకమైన ఏడాది బరోలోను తొందరపడి తెరవడం నష్టం.

పాత సీసాల కీర్తి ఈ వాదనకు అడ్డు వస్తుందని కొందరంటారు. మోంటల్చీనోలోని ఒకప్పుడు బియోండి సాంతి కుటుంబానిదైన ఇల్ గ్రెప్పో ఎస్టేట్‌లో 1888, 1891 నాటి సీసాలు భద్రంగా ఉన్నాయి. వందేళ్ల వైన్ బతికి ఉండగా సగటు సీసాను ఎందుకు తక్కువ చేయాలి? ఇక్కడ మనకు కనిపిస్తున్నది మిగిలినవే. చెడిపోయి పారబోసిన వేల సీసాల కథ ఎవరూ రాయరు. పైగా ఆ సీసాలు కూడా వాటంతట అవే బతకలేదు. టాంక్రెడి బియోండి సాంతి కాలం నుంచి ఆ ఎస్టేట్‌లో పాత సీసాలను తెరిచి, తగ్గిన మేరకు అదే ఏడాది వైన్‌తో నింపి, కొత్త కార్క్ బిగించే ఆచారం సాగింది. ఒకే ఏడాది సీసాల్లో కొన్నింటిని మిగతావాటి కోసం బలి ఇచ్చారన్నమాట. ఎంపిక చేసిన తోటల పండు, చల్లటి నేలమాళిగ, దశాబ్దాల సంరక్షణ కలిసి వస్తే కొన్ని సీసాలు అంత దూరం పోగలవని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది. దుకాణంలో కొన్న ఏ ఎర్ర వైన్ అయినా అలా పోతుందని నిరూపించదు.

ఇంకో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. ఇప్పటి పద్ధతుల్లో బరోలో కూడా త్వరగా మెత్తబడుతోంది, ఇక దాచడం ఎందుకు అంటారు. 1980, 90లలో ఈ విషయం మీద బరోలోలో పెద్ద వివాదమే నడిచింది. ఎలియో అల్తారే వంటి కొత్త తరం వాళ్లు తొక్కలను కొద్ది రోజులే నానబెట్టి, చిన్న ఫ్రెంచి ఓక్ పీపాలు వాడారు. బార్తొలో మస్కరెల్లో వంటి సంప్రదాయవాదులు దీర్ఘకాలం నానబెట్టడాన్ని, పెద్ద పాత పీపాలను విడిచిపెట్టలేదు. ఇప్పుడు చాలామంది మధ్యస్థంగా ఉన్నారు. వాతావరణం వేడెక్కడంతో టానిన్లు మునుపటి కన్నా బాగా పండుతున్నాయి. కాబట్టి ఐదారేళ్ల బరోలో ఈ రోజు మునుపటి అంత కఠినంగా లేదన్నది నిజమే. కానీ తాగదగినదిగా ఉండటం, చక్కెర బంధాల్లో దాగిన వాసనలు బయటపడటం ఒకటి కాదు. మొదటిది తయారీలో సాధించవచ్చు. రెండోదానికి ఏళ్లే కావాలి. వైన్‌ను గాజు జాడీలోకి వంచి రెండు గంటలు గాలి తగిలిస్తే పదేళ్ల పని అయిపోతుందన్న వాదనకూ ఇదే జవాబు. గాలి తగిలితే మూసుకున్న వాసనలు లేస్తాయి, కొన్ని దుర్వాసనలు ఎగిరిపోతాయి. టానిన్ గొలుసుల పునర్నిర్మాణం మాత్రం గంటల్లో జరిగే చర్య కాదు.

ఇంతవరకూ చెప్పినదంతా ఒక షరతు మీద ఆధారపడింది. అది చల్లదనం. రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రెట్టింపవుతుందన్నది స్థూలమైన లెక్క. ఇటలీ నేలమాళిగల్లో వైన్ 12 నుంచి 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఏసీ లేని గది వేసవిలో 35 దాటుతుంది. అలాగైతే ఇరవై ఏళ్ల మాగుదల ఐదేళ్లలో వచ్చేస్తుంది కదా, వేడి మనకు లాభమే కదా అనిపించవచ్చు. అలా జరగదు. అన్ని చర్యలూ వేడికి ఒకే నిష్పత్తిలో వేగం పుంజుకోవు. ఎస్టర్లు విరగడం, రంగు గోధుమ వన్నెకు తిరగడం, రక్షక సల్ఫర్ డయాక్సైడ్ ఖర్చైపోవడం ముందుకు దూకుతాయి. టానిన్ మెత్తబడటం వాటిని అందుకోలేదు. పోర్చుగల్‌కు చెందిన మదీరా ద్వీపంలో వైన్‌ను కావాలనే 45 డిగ్రీల పైన నెలల తరబడి వేడిచేస్తారు. ఫలితం కాలిన చక్కెర వాసన గల వేరే పానీయం. అది అదనపు ఆల్కహాల్ చేర్చినది కాబట్టి తట్టుకుంటుంది. పైగా వేడికి వైన్ ఉబ్బి కార్క్‌ను నెడుతుంది, చల్లబడినప్పుడు కుంచించుకుని గాలిని పీలుస్తుంది. అందుకే తెలుగునాట వైన్ కోసమే చేసిన చల్లటి అలమరా లేని ఇంట్లో బరోలోను దాచడం పెట్టుబడి కాదు, నష్టం. అలాంటి ఇంటికి సరైన మార్గం రెండే. సిద్ధమైన వైన్ కొని ఏడాదిలోపు తాగడం, లేదా మంచి నిల్వ ఉన్న అమ్మకందారు దగ్గర ముందే మాగిన సీసా కొనడం. చల్లటి దేశాల్లో స్థిరపడి, ఇంటి కింద ఏడాదంతా చల్లగా ఉండే గది ఉన్న తెలుగువాళ్లకు ఈ అడ్డంకి లేదు.

చివరి అభ్యంతరం అన్నింటికన్నా బలమైనది. రుచి వ్యక్తిగతం, తాజా పండు ఇష్టపడేవాడికి ఎందుకీ నిరీక్షణ అన్నది. దీనికి ఎదురు చెప్పాల్సిన పని లేదు. కాలం ఏ దిశలో మారుస్తుందో శాస్త్రం చెప్పగలదు. ఆ దారిలో ఎక్కడ ఆగాలో తాగేవారే చెప్పాలి. తన ఇష్టం ఎక్కడుందో తెలుసుకోవడానికి మాత్రం నమ్మదగిన పద్ధతి ఉంది. దాచదగిన వైన్‌ను ఒక్క సీసా కాకుండా కొన్ని సీసాలు కొని, రెండు మూడేళ్ల వ్యవధితో ఒక్కోటీ తెరవాలి. ఒక్కో కార్క్ ఒక్కో మోతాదులో ఆక్సిజన్‌ను లోపలికి వదులుతుంది, కొన్ని కార్క్‌లు టీసీఏ అనే పదార్థం వల్ల బూజు వాసన అంటిస్తాయి. కాబట్టి ఒక సీసా తీర్పును మొత్తానికి తీర్పుగా తీసుకోకూడదు. తెరిచిన సీసాలో వగరు ఇంకా పండును కప్పేస్తుంటే మిగతావాటికి గడువివ్వాలి. రెండూ సమంగా ఉంటే తాగడం మొదలుపెట్టాలి. పండు వెనక్కి తగ్గి పులుపే ముందుకొస్తుంటే ఇక ఆలస్యం చేయకూడదు. సందేహం తేలకపోతే ముందుగా తెరవడమే క్షేమం. తొందరపడి తెరిచిన గట్టి వైన్‌ను మాంసం వంటకం కొంత సర్దగలదు, మిగిలిన సీసాలకు ఇంకా సమయం ఉంటుంది. గడువు దాటిన వైన్‌ను మాత్రం ఏదీ వెనక్కి తేలేదు.